సింగపూర్‌లో పొడిపించుకున్న పుట్టుమచ్చ

సింగపూర్ వెళ్ళి వచ్చినవాళ్ళు ఏమేం తెస్తారో మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. టేప్ రికార్డరు, మెరిసే చీరలు, సెంటు సీసాలు, తలనొప్పికి రాసుకునే చిన్న డబ్బా మందు. అవన్నీ నేనూ తెచ్చాను. వాటితో పాటు కుడి ముంజేతి మీద మినపగింజంత చుక్క ఒకటి పొడిపించుకుని వచ్చాను. ఓడల చుట్టూ తిరిగి బతికే మగవాడు పరాయి దేశంలో పచ్చబొట్టు పొడిపించుకున్నాడంటే లంగరో, పామో, కనీసం ఒక చేపో ఉండాలి. రెండేళ్ళు అక్కడుండి నేను సంపాదించిన బొమ్మ ఒక్క చుక్క. మా వైపు ఆడవాళ్ళు గడ్డం మీదా ముంజేతి మీదా పొడిపించుకుంటారే, అలాంటిది. అది చూసి మా వీధిలో ఎవరెవరు ఎన్ని రకాలుగా నవ్వారో తర్వాత చెబుతాను. ముందు ఆ చుక్క ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి.

తప్పు నా పెన్నుది.

డెబ్బైల మొదట్లో నేను పదో తరగతి చదువుతున్నాను. మా ఊరి నుంచి హైస్కూలుకి జీడితోటల మధ్య నడిచి వెళ్ళేవాళ్ళం. పబ్లిక్ పరీక్షలకి దరఖాస్తులు నింపే రోజులొచ్చాయి. ప్రతివాడికీ ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు చూసి రాయాలి. రెండే ఎందుకని ఒకడు అడిగితే, రేపు నువ్వు తప్పిపోతే మీ నాన్నకి నిన్ను గుర్తుపట్టి అప్పగించాలి కదరా అని మా క్లాసు మాస్టారు అన్నారు. మా నాన్న ఒక్క మచ్చతో సరిపెట్టుకుంటాడని వాడు గొణిగాడు గానీ పైకి వినబడనివ్వలేదు.

మమ్మల్నందరినీ వరండాలో చొక్కాలు విప్పించి వరసలో నిలబెట్టారు. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని సంతలో దూడల్ని చూసినట్టు ఒక్కొక్కణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. కొందరికి ఎక్కడ చూస్తే అక్కడే మచ్చలు. ఒకడికి వీపు మీదే ఏడున్నాయి. నాకు ఎడమ చెవి కింద మెడ మీద ఒకటుంది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఏడు మచ్చలవాడు దయగా, నాయి రెండు ఆడికి రాసీండి మాస్టారూ అన్నాడు. వాడికి ఒక మొట్టికాయ పడింది.

నన్ను పక్కన నిలబెట్టి మిగతావాళ్ళందరినీ చూశాక మాస్టారు మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. అప్పటికి మధ్యాహ్నం గంట కొట్టేశారు. ఆయనకి ఆకలేస్తోంది, నాకు ఇంకా ఎక్కువ ఆకలేస్తోంది. నా పెన్ను కారడం మా క్లాసులో జగమెరిగిన సంగతి. కుడి ముంజేతి మీద ఒక చుక్క పడి ఆరిపోయి ఉంది. మాస్టారు దాన్ని చూసి, ఇదుగో ఇక్కడ పెట్టుకుని ఇందాకటి నుంచీ నన్ను తిప్పుతున్నావా అని కసిరి, ఇంగ్లీషులో చక్కగా రాసేసుకున్నారు. అది సిరా అని నాకు తెలుసు. చెబితే మళ్ళీ చొక్కా విప్పమంటారని చెప్పలేదు. అన్నం తినబోతూ బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాను. నా రెండో పుట్టుమచ్చ నీళ్ళలో కలిసిపోయింది. సర్కారువారి కాగితం మీద మాత్రం నిక్షేపంలా ఉండిపోయింది.

ఆ తర్వాత చాలాకాలం దాని జోలికి ఎవరూ రాలేదు. ఐటీఐలో వెల్డింగు నేర్చుకున్నాను. పోర్టులో ఓడల రిపేరు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశాను. ఈలోగా ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా ఊరు తీసుకున్నారు. ఇళ్ళూ, పొలాలూ, జీడితోటలూ అన్నీ పోయాయి. ఊళ్ళోవాళ్ళందరికీ కూర్మన్నపాలెం అవతల వరసగా స్థలాలిచ్చారు. ఆ ఏడే మా అమ్మ పోయింది. మరుసటి ఏడు నాన్న నాకు మేనమామ కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. ఇంట్లో దీపం పెట్టడానికి ఆడమనిషి ఉండాలన్నది ఆయన మాట.

పుట్టుమచ్చ మళ్ళీ గుర్తొచ్చింది పాస్‌పోర్టు కాగితాల దగ్గర. సింగపూర్‌లో ఓడలు బాగుచేసే యార్డుకి వెల్డర్లు కావాలని ఏజెంటొకడు వచ్చాడు. కాగితాలు నింపేటప్పుడు సర్టిఫికెట్‌లో ఉన్నదున్నట్టు రాయాలన్నాడు. రాసిన మచ్చ చూపించమని ఎవరైనా అడిగితే? ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాటుక భరిణె తెచ్చి, అగ్గిపుల్ల కొనతో నా ముంజేతి మీద చుక్క పెట్టింది. పెట్టి, దూరంగా జరిగి చూసుకుని, దిష్టి తగలదులే మావా అంది. అప్పటి నుంచి ఏ ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చినా పొద్దున్నే స్నానం, కాటుక చుక్క, ఆ తర్వాతే చొక్కా. ఒక్కోసారి ఆమెకి సరదా పుట్టి చుక్క శనగగింజంత చేసేది. తుడిచి మళ్ళీ పెట్టమని నేను బతిమాలాల్సి వచ్చేది.

మద్రాసులో మెడికల్ పరీక్ష దగ్గర మాత్రం దొరికిపోయినంత పనైంది. రక్తం తియ్యడానికి డాక్టరు నా చెయ్యి పట్టుకుని స్పిరిట్ దూదితో మోచేతి నుంచి ముంజేతి దాకా ఒక్క తుడుపు తుడిచాడు. దూది నల్లబడింది. డాక్టరు దూదినీ, నన్నూ మార్చి మార్చి చూశాడు. వెల్డింగు మసి సార్, ఎంత తోమినా వదలదు అన్నాను. మంచి సబ్బు వాడమని సలహా ఇచ్చి పంపేశాడు.  ఆ రోజు కాగితంలో మచ్చ సంగతి ఆయన చదవలేదు గనక సింగపూర్ వెళ్ళగలిగాను.

అక్కడ మేం ఆరుగురం ఒక గదిలో ఉండేవాళ్ళం. నా పై మంచం ఎలమంచిలి నుంచి వచ్చిన గ్యాస్ కట్టరుది, అంటే గ్యాస్ మంటతో ఇనుప రేకులు కోసేవాడిది. ఊళ్ళో ఉన్నప్పుడు ఒకరి మొహం ఒకరం చూడలేదు. పరిచయమైన రెండో నిమిషంలోనే నన్ను బావా అన్నాడు. వాడు ఫోర్‌మన్‌ని కూడా బావా అనేవాడు. ఆ ఫోర్‌మన్ చైనావాడు గనక అది తన హోదా ఏమో అనుకుని తలూపేవాడు.

రెండేళ్ళ కాంట్రాక్టు ఇంకా నాలుగు నెలలుందనగా ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. నాన్న చెబుతుంటే మా ఆవిడ రాసింది. భూములు పోయినవాళ్ళలో ఇంటికొకరికి ఫ్యాక్టరీలో ఉద్యోగం అన్నారు కదా, ఇప్పుడు పిలుస్తున్నారు. భూమి పోయినందుకు మన ఇంటికిచ్చిన కార్డు మీద నీ పేరే ఉంది, నువ్వే రావాలి. అన్న పేరుతో తమ్ముడూ, అల్లుడి పేరుతో మరొకడూ వస్తున్నారని ఆఫీసువాళ్ళకి అనుమానం పట్టుకుంది. సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని పుట్టుమచ్చలు వెతుకుతున్నారు. ఇంతవరకూ నాన్న మాటలు. కింద మా ఆవిడ తన సొంత వాక్యం ఒకటి చేర్చింది: 'దూదితో తుడిసి మరీ సూస్తన్నారంట మావా.'

ఆ వాక్యం చదివాక నాకు అన్నం సహించలేదు. మా ఇంట్లో నేనొక్కణ్ణే కొడుకుని. భూమి ఎలాగూ పోయింది. దానికి బదులుగా ఇస్తామన్నది ఈ ఒక్క ఉద్యోగం. అది కూడా పదో తరగతిలో కారిన సిరాచుక్క వల్ల పోతే నాన్న మొహం ఎలా చూడాలి? కాటుక ఇంక పనికిరాదు. తుడిస్తే పోనిది కావాలి. అలా ఆలోచిస్తుంటే మా యార్డు గేటు బయట సాయంత్రాలు తిరిగే నావికుల చేతులు గుర్తొచ్చాయి. మోచేతుల దాకా పాములూ, పువ్వులూ. ఏ సబ్బుకీ లొంగనివి.

సంగతి ఎలమంచిలి బావకి చెప్పాను. వాడు మంచం మీద పడి నవ్వాడు.

"లోకంలో అందరూ మచ్చ పోవాలని డాక్టరు కాడికి ఎల్తారు. నువ్వు మచ్చ కోసం డబ్బులిచ్చి పొడిపించుకుంటావేటి బావా?"

నవ్వడం అయ్యాక, ఆదివారం తానే తీసుకెళ్తానన్నాడు. వాడికి అలాంటి దుకాణాలన్నీ తెలుసు. లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదట.

దుకాణం రేవుకి దగ్గరగా ఒక సందులో, మేడ మీద ఉంది. గోడల నిండా బొమ్మలు. మంటలు కక్కే డ్రాగన్లు, తెరచాప ఓడలు, కత్తి గుచ్చిన గుండెకాయలు, బట్టలు సరిగ్గా కట్టుకోని అమ్మాయిలు. బావ ఆ చివరి వరస దగ్గరే నిలబడిపోయాడు. దుకాణదారు బక్కపల్చటి చైనా ముసలాయన, బనీనూ నిక్కరూ వేసుకున్నాడు. ఆయనకీ నాకూ కలిపి ఇంగ్లీషు ముక్కలు ఓ ముప్ఫై వచ్చేమో. ఏ బొమ్మ కావాలని గోడ వైపు చెయ్యి చూపించాడు. నేను ముంజెయ్యి చాపి, వేలితో ఒకచోట తాకి, ఒక్క చుక్క అన్నాను. ఆయన సరేనని తలూపి, చుక్క తర్వాత ఏంటని ఎదురుచూశాడు. చుక్కే అన్నాను. చుక్క నుంచి పువ్వు మొదలవుతుందా, లేక అది చేపకి కన్ను అవుతుందా అని అడిగాడు. ఏమీ మొదలవదు, చుక్కతోనే అయిపోతుంది అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని, తాగి వచ్చారా అన్నట్టు ముక్కుతో ఒకసారి గాలి పీల్చాడు.

చివరికి చొక్కా కాలరు కిందికి లాగి మెడ మీద అసలు మచ్చ చూపించాను. ఇలాంటిది ఇక్కడ కావాలి, చూసినవాడెవడూ సూదితో పొడిచిందని అనుకోకూడదు అన్నాను. అప్పుడు ముసలాయన కళ్ళు మెరిశాయి. నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, భూతద్దం పెట్టి నా మెడని చూశాడు. మా మాస్టారు కూడా అంత శ్రద్ధగా చూడలేదు. మచ్చ గుండ్రంగా ఉండదని, ఒక అంచు కొంచెం చెదిరి ఉంటుందని, రంగు నలుపు కాదని నాకే పాఠం చెప్పాడు. మూడు చిన్న గిన్నెల్లో రంగులు కలిపి, తన చేతి మీదే రాసుకుని నా మెడ పక్కన పెట్టి పోల్చుకున్నాడు. నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నానని, వచ్చినవాళ్ళందరికీ నలుగురూ చూసే బొమ్మలే కావాలని, ఎవరి కంటా పడకూడని బొమ్మ అడిగింది నువ్వేనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఒక్క చుక్కకి గంట పట్టింది.

ఎలమంచిలి బావ మొదట నా పక్కనే కూర్చుని ధైర్యం చెప్పాడు. సుక్కకే బయపడితే ఎలగ బావా, నానైతే ఈపు నిండా ఏయించుకుందును అన్నాడు. సూది చర్మంలో దిగి రక్తం బొట్టు పైకి రాగానే మాట ఆగిపోయింది. ఏమిటా అని చూస్తే బల్ల మీద నుంచి మెల్లగా పక్కకి ఒరుగుతున్నాడు. ముసలాయన సూది పక్కన పెట్టి, వాడి మొహం మీద నీళ్ళు చల్లి, అలవాటైన పనిలాగా టీ తాగించాడు. గదికి తిరిగి వచ్చేటప్పుడు దారిలో, ఈ సంగతి మనవైపు ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఇన్నేళ్ళు చెప్పలేదు. ఇప్పుడు చెప్పేశాను.

చుక్క మానాక చూస్తే అద్భుతంగా ఉంది. నా గదిలోవాళ్ళకి రెండు మచ్చలూ చూపించి, ఏది దేవుడు పెట్టిందో చెప్పమని పందెం వేసేవాణ్ణి. ముగ్గురు తప్పు చెప్పారు. ఎంత పొగరు వచ్చిందంటే, యార్డులో ఎండలో కూడా చొక్కా చేతులు పైకి మడుచుకుని తిరిగాను. ఆ ఎండే కొంప ముంచింది. ఎండా, ఉప్పుగాలీ, వెల్డింగు మంటా కలిసి ఆ నాలుగు నెలల్లో ముసలాయన కలిపిన రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి తినేశాయి. నేను రోజూ చూస్తున్నాను గనక నాకు తేడా తెలియలేదు. ఇంటికొచ్చిన రోజు కాళ్ళు కడుక్కోవడానికి మా ఆవిడ చెంబు అందిస్తూ నా చెయ్యి చూసింది.

"ఇదేటి మావా, మా నాయనమ్మకున్నట్టు పచ్చబొట్టేటి?"

నేను గాభరాగా వెలుతురులోకి వచ్చి చూసుకున్నాను. చుక్క ఆకుపచ్చగా ఉంది. మా ఊరి ఆడవాళ్ళ ముంజేతుల మీద ఉండే చుక్కకీ దానికీ రవ్వంత తేడా లేదు. మధ్యాహ్నానికి ఈ వార్త వీధంతా పాకింది. చూడటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ తన చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి పోల్చుకుంది. గాజులు కూడా తెచ్చావా అని ఒకామె అడిగింది. ఇంత దూరం ఎళ్ళడం ఎందుకు బాబూ, మన కాడ పొడిసీ మనిసి ఏటా వస్తాది కదా అని ఇంకొక ముసలామె జాలిపడింది. నాన్న మాత్రం నవ్వలేదు. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, అది పోద్దా అని అడిగాడు. పోదన్నాను. ఆయన చుట్ట నలిపి పారేసి లోపలికి వెళ్ళిపోయాడు. నాకు అంతకంటే తిట్టినా బాగుండేది.

కాగితాలు చూసే రోజు రానే వచ్చింది. నాన్న నాతో బయలుదేరాడు. వద్దన్నా వినలేదు. ఆఫీసు బయట రేకుల షెడ్డు కింద వందమంది దాకా ఉన్నారు. అందరూ మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఒకరి మెడలూ చేతులూ ఒకరు చూసుకుంటూ, సర్టిఫికెట్‌తో సరిపోల్చుకుంటున్నారు. మా స్కూలు వరండా మళ్ళీ వచ్చినట్టే ఉంది. నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది.

ఆఫీసరు కృష్ణా జిల్లా వైపు మనిషి. మాట నెమ్మది, చూపు మాత్రం పదును. కార్డు మీది ఫొటో చూశాడు. అందులో నాకు బుగ్గలున్నాయి, మీసం లేదు. ఇప్పుడు మీసం ఉంది, బుగ్గలు సింగపూర్‌లో వదిలేశాను. మెడ మీద మచ్చ చూసి టిక్కు పెట్టుకున్నాడు. ముంజెయ్యి చూపించమన్నాడు. గుమాస్తా స్పిరిట్ దూది ఆఫీసరుకి అందించాడు. తుడిచాడు. చుక్క పోలేదు. నేను ఊపిరి వదిలాను. ఆయన చెయ్యి వదల్లేదు. బొటనవేలితో చుక్క చుట్టూ చర్మం సాగదీసి చూశాడు.

"ఏమయ్యా, ఇది పుట్టుమచ్చా?"

అబద్ధం నాలుక మీదే ఉంది. కానీ ఆ ఆకుపచ్చ రంగు చూసి పుట్టుమచ్చ అనేవాడు ఎవడుంటాడు? మొత్తం చెప్పేశాను. పెన్ను, మాస్టారి ఆకలి, బోరింగు, కాటుక, మద్రాసు డాక్టరు, చైనా ముసలాయన భూతద్దం. గుమాస్తా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. మచ్చ లేకుండా వచ్చి ఉంటే మాస్టారి పొరపాటని వదిలేసేవాణ్ణయ్యా అన్నాడు. లేని మచ్చ పొడిపించుకుని వచ్చినవాణ్ణి ఎలా నమ్మను? మచ్చ తయారుచేసుకున్నవాడు పేరు మాత్రం తయారుచేసుకోడా? తాసిల్దారు దగ్గరికి వెళ్ళి కొత్తగా ధ్రువపత్రం తెమ్మన్నాడు. ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, ఈ జాబితా మాత్రం ఇవాళే పైకి వెళ్ళిపోతుందన్నాడు. తర్వాతి జాబితా ఎప్పుడో ఆయనకే తెలియదట.

నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, నా మీద. అతితెలివికి పోయి, ఉన్న ఒక్క దారీ నా చేత్తో నేనే మూసుకున్నాను. కిటికీలోంచి రేకుల షెడ్డు కింద గొంతుక్కూర్చున్న నాన్న కనబడుతున్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో తెలియక అక్కడే నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెళ్ళమని రెండోసారి చెప్పినా కదల్లేదు.

ఆఫీసరు నన్ను కాసేపు చూసి, గుమాస్తాని మా ఊరి భూముల ఫైలు తెమ్మన్నాడు. అందులో ప్రతి ఇంటికీ ఒక కాగితం ఉంటుంది. ఖాళీ చేయించేముందు నష్టపరిహారం లెక్క కోసం రెవెన్యూ అమీను వచ్చి గోడలూ, గుమ్మాలూ, దొడ్లో చెట్లూ చూసి రాసుకున్న కాగితం. నాకు కనబడకుండా ఫైలు తన వైపు తిప్పుకుని, మీ దొడ్లో ఏమేం చెట్లుండేవో చెప్పమన్నాడు.

కళ్ళు మూసుకున్నాను. వంటింటి గుమ్మంలోంచి దొడ్లోకి దిగినట్టు అనుకుని చెప్పడం మొదలుపెట్టాను. నూతి దగ్గర ములగ చెట్టు ఒకటి. పక్కన అరటి బోదెలు. వేప ఒకటి. పశువుల శాల వెనక జీడిమామిళ్ళు నాలుగు. గట్టు మీద తాటిచెట్లు తొమ్మిది. కొబ్బరి రెండు. ఆయన వేలు కాగితం మీద ఒక్కో వరసా కిందికి దిగుతోంది. కొబ్బరి రెండూ కాపు కాసేవేనా అని అడిగాడు. ఒకటి కాయదు సార్ అన్నాను. మా అమ్మ దాని మొదట్లో ఉప్పు పోసింది, తిట్టింది, కొట్టేస్తానని కత్తి తెచ్చి బెదిరించింది, అయినా కాయలేదు. గుమాస్తాకి మళ్ళీ నవ్వొచ్చింది. ఆఫీసరు వేలు ఆ వరస మీద ఆగి ముందుకి కదిలింది. ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు.

"పనస మొక్క ఒకటుండేది సార్."

ఆయన కాగితం పైనుంచి కిందిదాకా మళ్ళీ చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"ఇందులో పనస లేదే."

అంతా చెప్పి చివర్లో చెడగొట్టుకున్నానని అర్థమైంది. కానీ ఆ మొక్క ఉంది. దాన్ని లేదని ఎలా అనను? ఉందండీ అన్నాను. అప్పటికది జానెడు కూడా లేదు. అమీను వచ్చినప్పుడు అమ్మ దాన్ని కూడా రాయమంది. ఇది చెట్టు కాదు, మొక్క, మొక్కల్ని రాయం అన్నాడు. రేపు సెట్టవుద్ది కదా బాబూ అని అమ్మ ఆయన వెంటపడింది. ఊరంతా చూస్తోంది. జానెడు మొక్క కోసం పరువు తీస్తన్నావని నాన్న అందరి ముందూ అమ్మని కసిరాడు. అమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయి ఆ పూట అన్నం తినలేదు. ఇదంతా ఆఫీసరుకి చెప్పాల్సిన అవసరం లేదు. కానీ మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాను. 

ఆఫీసరు ఫైలు మూసేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. ఈ కాగితం ఎవరైనా సంపాదించి బట్టీ పట్టి రావచ్చు, ఇందులో లేని మొక్క గురించి ఆ ఇంట్లో పుట్టినవాడు తప్ప ఎవడూ చెప్పడు అన్నాడు. నా పేరు పక్కన సంతకం పెట్టాడు. చేతి మీది చుక్క సంగతి ఇంకెవరికీ చెప్పకు, నా ఉద్యోగం పోతుంది అని కూడా అన్నాడు. అప్పుడు మొదటిసారి కొంచెం నవ్వాడు.

బయటికి వచ్చేసరికి నాన్న లేచి నిలబడి ఉన్నాడు. అయిపోయింది, ఉద్యోగం వచ్చినట్టే అన్నాను. ఆయన తల మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇద్దరం కూర్మన్నపాలెం జంక్షన్ వైపు నడిచాం. కొంత దూరం వెళ్ళాక, అంతసేపు లోపల ఏం అడిగారని అడిగాడు. మన దొడ్లో చెట్లు అడిగారు నాన్నా అన్నాను. ఆయన నడక నెమ్మదించింది. ఇంకో నాలుగడుగులు వేశాక, నా వైపు చూడకుండా అడిగాడు.

"మీ యమ్మ పనస మొక్క సెప్పినావా?"

"సెప్పాను."

"రాసుకున్నారా?"

ఆఫీసరు రాసుకోలేదు. రాసుకోవడానికి ఆ కాగితంలో వరస లేదు.

"రాసుకున్నారు నాన్నా" అన్నాను.